అప్పాయమ్మ తినలేదు

నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. జాకెట్టు కుట్టమని ఇచ్చిన మనిషి గడువుకి రెండు రోజుల ముందే వచ్చి "అయిందా నాగదుర్గా" అంటే కత్తెర బల్ల మీద విసిరికొట్టే రకాన్ని. కుళాయి దగ్గర వరస తప్పినవాళ్ళని ఉతికి ఆరేస్తాను. మా ఆయన బతికున్న రోజుల్లో "నీ నోటికి జడిసి అప్పులవాళ్ళు కూడా మన గుమ్మం తొక్కడం లేదే" అని ఆటపట్టించేవాడు. ఆయన పోయాక వేళాకోళం చేసేవాళ్ళు లేరు గానీ కోపం మాత్రం తగ్గలేదు. పైగా ముక్కుసూటి మనిషినని నాకు నేనే కితాబు ఇచ్చుకునేదాన్ని. ఆ కోపం ఎవరి మీద పడుతోందో, ఎవరి గుమ్మం ముందుకొచ్చేసరికి నోరు మూసుకుంటోందో తొంభై ఎనిమిది వేసవి దాకా ఒక్కసారైనా చూసుకోలేదు.

ఆ ఏడాది మొదట్లో అమలాపురం నుంచి ఒక సేవా సంస్థ వాళ్ళు రాజోలు దగ్గరి మా ఊరికి వచ్చారు. షుగరు, ఆయాసం, పక్షవాతం లాంటి తీరని జబ్బులున్న ముసలివాళ్ళకి ఇంటి దగ్గరే వైద్యం చూస్తామన్నారు. పదిహేను రోజులకొకసారి డాక్టరు రామ్మూర్తి గారు వచ్చి బడి వరండాలో కూర్చుంటారు. మిగతా రోజుల్లో చూసుకోవడానికి ఊళ్ళో ఒక వాలంటీరు ఉండాలి. జీతం లేదు. ఎనిమిదో తరగతి చదివి, పెద్దవీధికీ పేటకీ కూడా రాకపోకలున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను అడిగారు. మూడు రోజులు నేర్పించి, ఒక తెల్ల సంచీ, స్పిరిటు దీపం, గాజు గొట్టాలు, రోగికొక కార్డు చేతికిచ్చి పంపారు. ఆ సంచీ భుజాన వేసుకుని నడుస్తుంటే ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

నా కింద ఆరుగురు. ఐదుగురికి బిళ్ళలతో సరిపోయేది. సూదిమందు మీద ఉన్నది పేటలో అప్పాయమ్మ ఒక్కతే. అరవై దాటి ఉంటాయి, ఎంత దాటాయో ఆవిడకే తెలీదు. బతుకంతా కొబ్బరిపీచు కొట్టింది. కోడలు కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. కొడుకు కృపానందం కొబ్బరిచెట్లెక్కి దింపు తీస్తాడు. షుగరు ముదిరి అప్పాయమ్మ పాదాలకి స్పర్శ పోయింది. కుడి అరికాల్లో తుమ్మముల్లు దిగి వారం రోజులు అక్కడే ఉన్నా తెలియలేదట. ముల్లు తీసేసరికి బొటనవేలి కింద పావలా కాసంత పుండు పడింది.

మొదటి క్యాంపులోనే రామ్మూర్తి గారు ఆ పుండు చూసి చెప్పారు.

"షుగరు అదుపులో ఉంటే ఇది మానుతుందమ్మా. లేకపోతే ముందు వేలు, తరవాత పాదం, ఆ తరవాత కాలు. మధ్యలో ఎక్కడా ఆగదు."

"కాలు లేపోతే నేనేం చేసుకుంటానండీ బాబూ," అంది అప్పాయమ్మ. "కోడలు దేశంలో లేదు. చెట్టెక్కి వచ్చిన పిల్లోడు నన్ను మోసుకు తిరగాలాండీ?"

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, కాలు పోనివ్వనని మాటిచ్చాను. 

ఇన్సులిన్ చల్లగా ఉండాలి. పేటలో ఫ్రిజ్జు ఎవరికుంటుంది? నాకూ లేదు. పెద్దవీధిలో మాణిక్యాలరావు గారింట్లో ఉంది. ఆయన భార్య అన్నపూర్ణమ్మగారిని వెళ్ళి అడిగాను. ఆవిడ మాట పూర్తి కానివ్వలేదు.

"అయ్యో, అడగాలా నాగదుర్గా! తప్పకుండా పెట్టుకోమ్మా. ఇలాంటి పుణ్యం మళ్ళీ మళ్ళీ వస్తుందా ఏవిటి!"

అంత మంచి మనిషి. నేనే కాదు, ఊరంతా అదే మాట. ఎవరితోనూ కాదు, లేదు అని ఎరగదు. సంస్థ వాళ్ళు రెండు నెలలకి సరిపడా సీసాలు ఒకేసారి ఇచ్చేవారు. వాటిని ఆవిడకి అప్పగించాను. రోజూ పొద్దున్నే ఆవిడ పెరటి గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఆవిడ సీసా తెచ్చి చేతిలో పెట్టేది. నేను పేటకి వెళ్ళి అప్పాయమ్మకి ఇరవై యూనిట్లు పొడిచి, సీసా తిరిగి ఇచ్చేదాన్ని. ఆ గుమ్మం దాటి నేను లోపలికి వెళ్ళలేదు. ఆవిడ రమ్మనీ అనలేదు, రావద్దనీ అనలేదు.

వారానికొకసారి అప్పాయమ్మ మూత్రం పరీక్ష చేసేదాన్ని. గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి దీపం మీద కాచాలి. రంగు నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ అయితే కొంచెం పంచదార ఉన్నట్టు, పసుపు అయితే ఎక్కువ, ఇటుక రంగు వచ్చిందా ఇక చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో పసుపు ఉండేది. మార్చిలో ఆకుపచ్చకి దిగింది. ఆ నెలాఖరుకి నీలం నీలంగానే ఉంది. పుండు అంచులు దగ్గరపడి శనగబద్దంత అయింది. రామ్మూర్తి గారు నన్ను మెచ్చుకున్నారు. అప్పాయమ్మ కర్ర లేకుండా కుళాయి దాకా నడిచింది.

శ్రీరామనవమి వెళ్ళిన వారానికి గొట్టం మళ్ళీ పసుపుపచ్చగా మారింది.

"పందిట్లో పానకం తాగేవా?" అన్నాను.

"లేదు దుర్గమ్మా."

"వడపప్పూ పానకం ఇస్తుంటే ఊరుకున్నావా? నాకు చెప్తున్నావా?"

"పందిట్లోకే ఎళ్ళలేదమ్మా. కాలు బాలేదు కదా."

నేను నమ్మలేదు. తరవాతి వారం ఇటుక రంగు వచ్చింది. నా ఒళ్ళు మండిపోయింది. రోజూ పొద్దున్నే కుట్టుపని వదిలేసి, పెద్దవీధికీ పేటకీ మధ్య పరిగెడుతున్నాను, ఈవిడ దొంగతిండి తింటూ నా కష్టం బూడిదలో పోస్తోంది అనుకున్నాను. ఇల్లంతా వెతికాను. ఎవరినీ అడగలేదు. అప్పాయమ్మ మంచం మీద కూర్చుని చూస్తుండగా ఆవిడ డబ్బాలు, చట్టీలు, బియ్యం కుండ అన్నీ బోర్లించాను. ఉట్టి మీద చట్టిలో అరచేతంత తాటిబెల్లం ముక్క దొరికింది.

"అది పిల్లోడిదమ్మా. చెట్టు దిగేక నోట్లో ఏసుకుంటాడు," అంది.

ఆ ముక్క పట్టుకుని వీధిలోకి వచ్చాను. పేటంతా వినేలా అరిచాను. "చూడండీ, ఈవిడ వైద్యం! నేను సూదులు పొడవాలి, ఈవిడ బెల్లం మెక్కాలి! రేపు కాలు కుళ్ళిపోతే నన్నంటారు!" జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో నవ్వారు. అప్పాయమ్మ లోపల్నించి ఒక్కటే మాట అంటోంది, "నేను తినలేదమ్మా, నేను తినలేదు" అని. నేను వినిపించుకోలేదు. ఆ బెల్లం ముక్క డొంకలోకి గిరాటేసి వచ్చేశాను.

మర్నాటి నుంచి ఆవిడ తిండి నా చేతిలోకి తీసుకున్నాను. పొద్దుట గుప్పెడు అన్నం, రాత్రికి ఒక జొన్నరొట్టె, అంతకు మించి ఒక్క మెతుకు పెట్టినా ఊరుకోనని కృపానందాన్ని బెదిరించాను. పాపం, వాడు తల్లి ప్రాణం మీద భయంతో నేను చెప్పినట్టే చేశాడు. "ఆకలేస్తంది దుర్గమ్మా, నిద్రట్టడం లేదు," అని ఆవిడ రోజూ అనేది. షుగరు మితిమీరితే ఆకలి రెండింతలవుతుందని నాకు అమలాపురంలో నేర్పించారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను. అయినా ఆవిడ ఆకల్ని తిండిపోతు బుద్ధి కిందే జమకట్టాను. మనిషి ఎండిపోతోంది, మెడ ఎముకలు బయటికి వస్తున్నాయి, నేను మాత్రం పథ్యం బాగా సాగుతోందనుకున్నాను.

తరవాతి వారమూ ఇటుక రంగే. క్యాంపులో రామ్మూర్తి గారు కార్డు చూసి, అప్పాయమ్మని చూసి, "ఏమ్మా, తింటున్నావా?" అన్నారు.

"లేదండీ బాబూ."

"అందరూ ఇదే మాటంటారు," అని నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. మందు ముప్ఫై యూనిట్లకి పెంచారు. కార్డు మీద పద్దెనిమిది గళ్ళున్నాయి. రోగి పేరు, బరువు, రంగు, మోతాదు, నడక, నిద్ర, అన్నీ ఉన్నాయి. మందు ఎక్కడ ఉంటోంది అనే గడి ఒక్కటే లేదు. ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

వరసగా మూడోసారి ఇటుక రంగు వచ్చిన రోజు, అప్పాయమ్మ పుండు చుట్టూ చర్మం నల్లబడింది. బొటనవేలు వాసన వస్తోంది. అది చెప్పాలని కార్డు పట్టుకుని పరుగున అమలాపురం బస్సెక్కాను. రామ్మూర్తి గారు ఎర్రసిరా కలం తీశారు.

"మందులు అందరికీ చాలవు నాగదుర్గ గారూ. చెప్పిన మాట వినేవాళ్ళకి ఇస్తే ఒక ప్రాణమన్నా నిలబడుతుంది. మూడుసార్లు ఇలా వస్తే తొలగించాలి. అది మన పద్ధతి."

కార్డు మీద రాశారు: "రోగి పథ్యం పాటించడం లేదు. పథకం నుంచి తొలగించడమైనది." రాసి, నా సంతకం పెట్టించుకున్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని సలహా ఇచ్చారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళని ఉతికి ఆరేసే నేను అక్కడ చేతులు కట్టుకుని "ఆయ్, అలాగేనండి" అన్నాను.

కృపానందం డబ్బు సర్దుకుని టాక్సీ మాట్లాడి వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. పథకంలోంచి తీసేసినా ఆ నాలుగు రోజులూ మిగిలిన సీసాలోంచి నేను సూది వేస్తూనే ఉన్నాను. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి, గోదావరి దాటి, కోటిపల్లి మీదుగా కాకినాడ వెళ్ళాం. దారి పొడుగునా అప్పాయమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. "ఇంక తినకు, సరేనా, నా మాట విను," అని అప్పుడు కూడా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుంది.

వార్డులో ఉన్న నర్సమ్మ వయసులో పెద్దది. ఇన్నాళ్ళూ ఏ మందు వాడారో చూపించమంది. సంచీలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో తిప్పి చూసింది. విరిగిన పాలలాగా తెల్ల తరకలు సీసా గోడకి అంటుకుని ఉన్నాయి.

"దీన్నెక్కడ పెట్టేరమ్మా, పొయ్యి పక్కనా?"

"లేదండీ, ఫ్రిజ్జులో."

"ఫ్రిజ్జులో పెట్టిన మందు ఇలా అవదు. ఇది ఎండకో వేడికో చచ్చిపోయిన మందు. దీన్ని పొడిచినా ఒకటే, కాలవనీళ్ళు పొడిచినా ఒకటే."

ఆ తరకలు నేను అంతకు ముందూ చూశాను. మందే అంతేమో అనుకుని ఎవరినీ అడగలేదు.

నర్సమ్మ కొత్త సీసా తీసి సూది వేసింది. ఆసుపత్రిలో రెండు పూటలా అన్నం పెట్టారు. కడుపునిండా పెట్టారు. అప్పాయమ్మ మొదటి రోజు పళ్ళెంలో ఒక్క మెతుకు మిగల్చకుండా తింటుంటే నర్సమ్మ "ఎన్నాళ్ళయిందమ్మా అన్నం చూసి!" అంది. నేను బయటికి వెళ్ళిపోయాను. మూడో రోజుకి షుగరు దిగింది. అన్నం తింటుండగానే, మామూలు మోతాదుకే దిగింది. కానీ నలుపు అప్పటికే చీలమండ దాటింది. నాలుగో రోజు కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

"పదిహేను రోజుల ముందు తెచ్చుంటే వేలితో పోయేది," అంది నర్సమ్మ.

ఆ పదిహేను రోజులూ నేను ఆవిడని మాడ్చాను. ఎలా మాడ్చానో, ఎన్ని మాటలన్నానో ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపించింది. కృపానందాన్ని తల్లి దగ్గర ఉంచి, ఆ సాయంత్రమే ఊరికి బస్సెక్కాను. మర్నాడు పొద్దున్నే అన్నపూర్ణమ్మగారి పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అప్పాయమ్మకి ఎలా ఉందమ్మా?" అంటూ వచ్చింది. తలస్నానం చేసి తడిజుట్టు ముడేసుకుంది.

"కాలు తీసేసేరండి."

ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "అయ్యయ్యో, ఎంత ఘోరం" అంటూ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మగారండీ, మందు ఫ్రిజ్జులోనే పెట్టేరాండీ?"

"ఎండన పడి వచ్చేవు, ముందు కాస్త కాఫీ తాగు," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, అరుగు చివర కూర్చుని, మెల్లగా మొదలుపెట్టింది.

"మా అమ్మాయికి రెండుసార్లు కడుపు నిలబడలేదు కదమ్మా. ఇప్పుడు ఐదో నెల. నలభై ఒక్క రోజులు మడితో ఉంటానని సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకున్నాను. నవమి నాడు మొదలెట్టేను. ఉల్లి, వెల్లుల్లి కూడా ఇంట్లోకి రానివ్వలేదు. మావాడు ఆ మందు డబ్బా మీద చదివి, ఇది పందిలోంచి తీసిందమ్మా అన్నాడు. స్వామివారి నైవేద్యానికి పాలు, పెరుగు అందులోనే పెడతాను. పక్కన అదెలా ఉంచనమ్మా?"

"మరెక్కడ పెట్టేరండి?"

"కురిడీ కొట్లో. పారెయ్యలేదమ్మా. పాలేరు చేత పైన అల్మారాలో భద్రంగా పెట్టించేను."

కోనసీమలో పుట్టినవాళ్ళకి కురిడీ కొట్టంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రేకుల కప్పు వేసిన గది. పీచు డొక్కతో ఉన్న కొబ్బరికాయలు నెలల తరబడి అటక మీద ఉండి, లోపల నీళ్ళు ఇంకి కురిడీ కావాలని, వేడి బయటికి పోకుండా కట్టుకుంటారు. మండుటెండల్లో ఆ తలుపు తీస్తే మొహం మీద సెగ కొడుతుంది. రెండు నెలలకని ఇచ్చిన మందంతా ఆ గదిలో ఉడికింది.

"నాకిచ్చినప్పుడు సీసా చల్లగా ఉండేది కదండీ. నీళ్ళు కారేవి కూడా."

ఆవిడ తల వంచుకుంది. "నువ్వొచ్చే ముందు నూతినీళ్ళ బకెట్లో కాసేపు పెట్టించేదాన్నమ్మా. వేడిగా ఇస్తే నువ్వు కష్టపెట్టుకుంటావని."

"నాతో ఒక్క మాట చెప్పచ్చు కదండీ."

"ఎలా చెప్పనమ్మా? పెట్టుకోమని నోరారా అన్నాను. ఇప్పుడు వద్దంటే నీ మనసు నొచ్చుకోదూ?"

ఒక్క మాట. వద్దమ్మా, మడిలో ఉన్నాను, ఈ నలభై రోజులూ ఇంకెక్కడన్నా పెట్టుకో. ఆ మాట అనుంటే ఇసకలో కొత్త కుండ పాతి, చుట్టూ నీళ్ళు పోసి, అందులో దాచేదాన్ని. శిక్షణలో అది కూడా చెప్పారు. అసలు ఆవిడ ఆ నూతినీళ్ళ బకెట్లోనే రోజంతా ఉంచినా అప్పాయమ్మ కాలు దక్కేది. మొక్కు మీద నాకు కోపం లేదు. ఆవిడ కూతురి కడుపు చల్లగా ఉండాలనే నేనూ కోరుకుంటాను. కానీ కాదు అనడానికి మొహమాటం, చెప్పడానికి మొహమాటం, వేడి సీసా ఇవ్వడానికి మొహమాటం. నా మనసు నొచ్చుకుంటుందని అంత ఆలోచించిన మనిషికి, ఆ మందు ఎవరి ఒంట్లోకి వెళ్తుందో ఆ మనిషి గుర్తు రాలేదు.

ఇవన్నీ ఆవిడ మొహం మీద అనాలి. పేటలో బెల్లం ముక్కకి అంత రంకెలేసిన దాన్ని, అక్కడ నోరు పెగల్లేదు. నేను ఆ కాఫీ తాగాను. గ్లాసు కడిగి బోర్లించి, "వస్తానండీ" అని కూడా చెప్పి వచ్చాను. తిన్నగా ఇంటికి వెళ్ళి తలుపేసుకుని, నా మీద నాకే అసహ్యం వేసి ఏడ్చాను.

మధ్యాహ్నానికి అమలాపురం వెళ్ళాను. రామ్మూర్తి గారు అంతా విన్నారు. "చాలా బాధాకరం" అన్నారు.

"కార్డు మీద మీరు రాసింది కొట్టెయ్యండి డాక్టరుగారూ. ఆవిడ పథ్యం తప్పలేదు."

"ఆ కాగితాలు పైకి వెళ్ళిపోయేయి. ఇప్పుడు మందు పాడైందని రాస్తే అది వాలంటీరు తప్పు అవుతుంది. అంటే మీ తప్పు."

"నా పేరే రాయండి. నాదీ ఉంది."

"మాణిక్యాలరావు గారి కుటుంబం కూడా బయటికొస్తుంది. ఆ ఊళ్ళో మనకి అండగా ఉన్నది వాళ్ళే. రేపు ఇంకో పదిమంది ముసలివాళ్ళకి సాయం అందాలా వద్దా? ఆలోచించండి," అని ఇంకో రోగి కార్డు చేతిలోకి తీసుకున్నారు. నేను సంచీ, దీపం, గొట్టాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. పెట్టేటప్పుడు ఒక గొట్టం పగిలింది. నాకేం విచారం కలగలేదు.

మర్నాడు కాకినాడలో అప్పాయమ్మ మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. మడి, కురిడీ కొట్టు, నూతినీళ్ళ బకెట్టు, ఆఖరికి నేను తాగిన కాఫీ కూడా దాచలేదు. కృపానందం నేల చూస్తూ విన్నాడు. అప్పాయమ్మ పైకప్పు చూస్తూ వింది. దుప్పటి కింద ఎడమ కాలు ఉన్నంత దూరం ఎత్తుగా ఉంది, కుడి వైపు సగంలో దిగిపోయింది.

"అయితే నేను తినలేదని నీకు రూఢయిందన్నమాట," అంది.

"అయింది అప్పాయమ్మా."

"మరి ఆ రోజు నేను చెప్తానే ఉన్నాను కదా."

"చెప్పేవు."

"నా కొడుకు కూడా నమ్మలేదు. నువ్వు అంత గట్టిగా అరిచేతలికి ఆడికీ అనుమానం వచ్చీసింది. అమ్మా, నిజం చెప్పు, తిన్నావా అని అడిగేడు."

కృపానందం మోకాళ్ళ మధ్య మొహం పెట్టుకున్నాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, నన్ను క్షమించమని అడగబోయాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అది తరవాత చూద్దారి. నన్ను తిట్టినప్పుడు ఈదంతా వినబడేలా తిట్టేవు. ఇప్పుడూ అలాగే చెప్పు."

"పేటలో ఇంటింటికీ వెళ్ళి చెప్తాను."

"పేటలో ఎందుకు? పేటోళ్ళకి నేనేంటో తెలుసు. పెద్దీదిలో చెప్పు. ఆ అమ్మగారి వాకిట్లో నిలబడి చెప్పు."

కృపానందం గబుక్కున తలెత్తాడు. "వద్దమ్మా. దింపంతా ఆళ్ళ తోటల్లోనే కదా. పని పోద్దే."

"చెట్టెక్కేవోడికి ఆ తోట కాపోతే ఇంకో తోట. నాకు ఇంకో కాలు మొలుత్తదేంట్రా?" అని కొడుకుని గదమాయించి, నా వైపు తిరిగింది. "ఎల్లు దుర్గమ్మా. కోపం ఉంది కదా నీకు. ఆడ చూపించు."

నేను ఊరికి చేరేసరికి అన్నపూర్ణమ్మగారి మొక్కు నలభై ఒకటో రోజు. వాకిట్లో కొబ్బరాకుల పందిరి వేశారు. బంధువులు దిగారు. పెద్దవీధి మగవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు, ఆడవాళ్ళు పసుపు రాసుకుంటున్నారు. మాణిక్యాలరావు గారు ఎవరికో ఎదురు వెళ్తున్నారు. పెరటి గుమ్మం వైపు నా కాళ్ళు వాటంతటవే తిరగబోయాయి. వాటిని ఆపి, వీధి గుమ్మం ఎదురుగా, నడివీధిలో నిలబడ్డాను. వీధంతా వినబడేలా అరిచాను.

"అప్పాయమ్మ తినలేదండీ!"

కుర్చీల్లోవాళ్ళు నా వైపు తిరిగారు.

"పేటలో అప్పాయమ్మండీ! కృపానందం తల్లి! పథ్యం తప్పిందని, దొంగతిండి తిందని నేనే అరిచేను. ఆవిడ తినలేదండీ! ఆవిడ మందు ఈ ఇంటి కురిడీ కొట్లో పెట్టి ఉడకబెట్టేరు! నా చేతికి చల్లగా తగలాలని నూతినీళ్ళలో ముంచి ఇచ్చేరు! ఆకలేస్తందని ఏడ్చిన మనిషికి అన్నం పెట్టకుండా మాడ్చింది నేనండీ! కాలు పోయింది! మోకాలి కింద నుంచి పోయింది!"

అన్నపూర్ణమ్మగారు గుమ్మంలోకి వచ్చింది. మొహం పాలిపోయింది. అంతలోనే సర్దుకుని, చేతిలో ప్రసాదం గిన్నెతో నా దాకా నడిచి వచ్చి, నా మోచెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా నాగదుర్గా. వీధి గుమ్మంలోంచే రామ్మా. కూచుని నెమ్మదిగా మాట్లాడుకుందాం. నువ్వెంత బాధలో ఉన్నావో నాకు తెలుసు."

అంత మెత్తటి గొంతు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ వీధి గుమ్మంలోంచి నన్ను రమ్మంది. వెళ్ళి అరుగు మీద కూర్చుంటే మళ్ళీ కాఫీ వస్తుంది, నేను మళ్ళీ తాగుతాను, అప్పాయమ్మ దొంగతిండి తిన్న మనిషిగానే మిగిలిపోతుంది. నా మోచెయ్యి విడిపించుకున్నాను.

"రానండీ," అన్నాను.

మాణిక్యాలరావు గారు పాలేరుని కేకేస్తున్నారు. అప్పుడే ఆటో దిగిన చుట్టాలెవరో సామాను చేత్తో పట్టుకుని, ఏం జరిగిందని పక్కవాళ్ళని అడుగుతున్నారు. పక్కవాళ్ళు చెప్పడం లేదు. నేను వాళ్ళ వైపు తిరిగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.